సందును కొలిచిన రోజులు

నేను చేసే పని ఏమిటో మా బంధువులకు చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. ఆటోలు, స్కూటర్లు, సోఫాలు తయారుచేసే కంపెనీలు వాటిని అమ్మకానికి తేవడానికి ముందే కంప్యూటర్లో బొమ్మగా చేయించుకుంటాయి. అటూ ఇటూ తిప్పి, దగ్గరికి జరుపుకుని చూడగలిగే బొమ్మ. దాన్ని ఉత్త తెల్లటి తెర మీద నిలబెడితే చూసేవాళ్ళకు నమ్మకం కుదరదు. చుట్టూ ఒక చోటు కావాలి. వెనక గోడలు, కింద రోడ్డు, పైన కరెంటు తీగలు ఉండాలి. ఆ చోటును తయారుచేసేదాన్ని నేను. ఒకసారి "వీధులు కడతాను" అంటే మా పెద్దమ్మ నన్ను సివిల్ ఇంజనీరు అనుకుంది. నాయన మాత్రం ఎవరడిగినా "కంప్యూటర్ పని" అని ఒక్క మాటలో తేల్చేసేవాడు.

ఆ పని బెంగళూరులో నేర్చుకున్నాను. కరోనా రోజుల్లో అనంతపురం వచ్చి, మేడ మీది గదిలో కంప్యూటర్ పెట్టుకున్నాక మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు. సొంతంగా పనులు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో చిన్న చిన్నవి వచ్చేవి. ఆ తర్వాత పుణె నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ళ కంపెనీది కరెంటుతో నడిచే చిన్న ఆటో. దాన్ని నిలబెట్టడానికి ఒక వీధి కావాలంది. నేను అంతకుముందు చేసిన వీధులు పంపిస్తే చూసి, అన్నీ కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయని, నిజంగా మనుషులు బతికే వీధి కావాలని చెప్పింది. ఆ మాట నాకు గుచ్చుకుంది గానీ ఆమె చెప్పింది నిజమే. నేను అప్పటిదాకా ఇంటర్నెట్‌లో దొరికే గోడల ఫోటోలు తెచ్చి అతికిస్తూ వచ్చాను. ఆ గోడలు ఎక్కడివో నాకే తెలియదు.

అందుకని ఈసారి మా అనంతపురం పాతూరులో ఒక సందును ఎంచుకున్నాను. మార్కెట్టు వెనక పడుతుంది. ఒక కొసన వెల్డింగ్ షాపు, ఇంకో కొసన మలుపులో ఒక పాత ఇల్లు. ఆ ఇంటి గోడకు ఎన్నిసార్లు సున్నం కొట్టారో, ఎన్ని రంగులు మార్చారో పొరలు పొరలుగా కనబడుతుంది. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద పసుపు. ముందు నాపరాళ్ళ అరుగు. ఆ అరుగు మీద కుట్టుమిషన్ వేసుకుని ఒకామె జాకెట్లు కుడుతూ ఉంటుంది. సందులో అందరూ ఆమెను చాచీ అంటారు. నేనూ అలాగే పిలిచాను.

గోడలను ఫోటో తీయడంలో ఒక ఇబ్బంది ఉంది. ఎండ పడుతున్నప్పుడు తీస్తే నీడలు కూడా ఫోటోలో వచ్చేస్తాయి. తర్వాత కంప్యూటర్లో ఆ గోడ మీద వేరే వెలుతురు వేస్తే రెండు నీడలు కొట్టుకుంటాయి. మబ్బు పట్టిన రోజే తీయాలి. మబ్బులొచ్చి, ఊరించి, ఒక్క చుక్క రాల్చకుండా పోయే రోజులు మా జిల్లాలో బోలెడు. ముదిగుబ్బలో శనక్కాయ వేసిన మా మామ వాటిని చూసి తిట్టుకునేవాడు. ఆ ఏడాది అవే మబ్బులు నాకు అక్కరకొచ్చాయి.

నాయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. ఇంట్లో పొద్దుపోక, నా వెంట వస్తానన్నాడు. కొలతలు తీయడానికి నాకూ ఒక మనిషి కావాలి. ఆయన దగ్గర ఖాకీ చొక్కాలు ఇంకా గట్టిగా ఉన్నాయి. చినగని బట్టను పారేయడం ఆయనకు చేతకాదు. అలా ఖాకీ చొక్కా వేసుకుని, టేపు ఒక కొస ఆయన పట్టుకుని, ఇంకో కొస నేను పట్టుకుని సందంతా కొలిచాం. గోడల మూలల్లో సుద్దముక్కతో చిన్న ప్లస్ గుర్తులు పెట్టాను. ఫోటోలను ఒకదానికొకటి కలపడానికి అవి కావాలి. కొలత అయిన ప్రతిసారీ నాయన బస్సులో స్టాపు పేరు అరిచినట్టు గట్టిగా చెప్పేవాడు. నేను ఫోన్‌లో ఎక్కించుకునేదాన్ని.

జనం వచ్చి అడిగారు. ఎందుకు అడగరు? నేను గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కాలువ బండను ఫోటో తీస్తూ ఉంటే, వెనక నాయన, వెల్డింగ్ షాపు నడిపే అన్న మాట్లాడుకోవడం వినబడుతూనే ఉంది.

"ఏమన్నా, ఏం కొలుస్తాండారు?"

"సందంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తాండామప్పా."

"ఎవరు ఎక్కియ్యమన్నారు?"

"పైనుంచి చెప్పినారు. పుణె వాళ్ళు."

"ఎందుకంట?"

"ఈడ ఆటోలు తిరగల్లంట."

ఆ జవాబులో ఒక్క అబద్ధం కూడా లేదు. నేను నవ్వుకుని నా పనిలో పడిపోయాను. చాచీ ఆ రోజు మాకిద్దరికీ టీ ఇచ్చింది. అరుగు పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి, ఇసుక కుప్ప పోసి ఉంది. అవి ఫోటోలో పడకుండా ఎలా తీయాలా అని ఆలోచించాను తప్ప, అవి ఎందుకున్నాయో నేను అడగలేదు.

వారం రోజులు మేడ మీద కూర్చుని వీధిని కట్టాను. పని బాగా సాగింది. గోడలు నిలబడ్డాయి, తలుపుల మీద తుప్పు వచ్చింది, కాలువ బండ అంచున నాచు కూడా వచ్చింది. చాచీ ఇంటి గోడ పైభాగం ఫోటో సరిగ్గా రాలేదని, మళ్ళీ మబ్బు పట్టిన ఒక పొద్దున ఒక్కదాన్నే సందుకు వెళ్ళాను.

చాచీ మిషన్ దగ్గర కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. ఇటుకల మీద పాత గోనెలు కప్పేసి ఉన్నాయి. నేను కెమెరా తీస్తుంటే మెల్లగా అడిగింది.

"ఎన్నడుగులు పోతాదమ్మా?"

"ఏది చాచీ?"

"మా ఇల్లు. అరుగు ఒక్కటేనా, గది కూడానా? ముందే చెప్తే మేలు కదా బేటీ. మేం ఎవర్నీ ఏమనం."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కెమెరాను తిరిగి సంచిలో పెట్టేశాను. రోడ్డు వెడల్పు చేయడానికి మేం కొలతలు తీసుకున్నామని సందంతా అనుకుంటున్నారు. ఖాకీ చొక్కా, టేపు, గోడల మీద గుర్తులు, కంప్యూటర్లోకి ఎక్కించడం, ఆటోలు తిరగడం. ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. చాచీకి ఇది కొత్త కాదు. ఆమె పుట్టిల్లు పెద్ద రోడ్డు మీద ఉండేదట. చాలా ఏళ్ళ కిందట రోడ్డు పెద్దది చేసినప్పుడు వాళ్ళ ముందుగది రోడ్డులో కలిసిపోయిందట.

ఆ ఇటుకల సంగతి అప్పుడు చెప్పింది. లోపల మంచం మీద ఆమె అత్త ఉంది. తుంటి ఎముక విరిగి ఒక్కతే లేవలేని మనిషి. స్నానం చేసే బచ్చలి, లెట్రిన్ పెరటి చివర ఉన్నాయి. మధ్యలో మూడు మెట్లు. ముసలామెను రోజూ ఇద్దరు పట్టుకుని దించి, ఎక్కించాలి. అందుకే అరుగులో సగం తీసేసి, గదికి ఆనుకుని చిన్న బచ్చలి కట్టిద్దామనుకుంది. బేల్దారి మేస్త్రీ వచ్చి పునాది గీత కూడా గీశాడు. మేం కొలిచి వెళ్ళిన మర్నాడే ఆమె అతన్ని వద్దని పంపించేసింది. పడగొట్టేదానికి కట్టడమెందుకని.

నేను అంతా విడమరచి చెప్పాను. మేం మున్సిపాలిటీ వాళ్ళం కాదని, ఇది ఉత్త బొమ్మ కోసమని, మా నాయన రిటైరైన కండక్టరని. చాచీ తలూపుతూ విన్నది.

"సరేలేమ్మా. మీరు చెప్పకూడదేమోలే," అంది చివరికి.

ఇంటికి వచ్చి నాయనకు చెబితే ఆయన మంచం మీద కూలబడ్డాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, దానివైపు చూస్తూ కూర్చున్నాడు. "నోటితో చెప్తే నమ్మరమ్మే. ఆ బొమ్మనే తీసకపోయి చూపిచ్చు," అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది.

మర్నాడు సాయంత్రం లాప్‌టాప్ తీసుకుని ఇద్దరం వెళ్ళాం. ఈసారి నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. చాచీ అరుగు మీద లాప్‌టాప్ పెట్టి తెరిచాను. వెల్డింగ్ అన్న వచ్చాడు, ఎదురింటి ఆడవాళ్ళు వచ్చారు. సందు తెర మీద కనబడగానే అందరి ముఖాలూ మారిపోయాయి. వెల్డింగ్ అన్న తన షట్టర్ మీది సొట్టను గుర్తుపట్టాడు. "ఇది లారీ తగిలిందప్పా, అదే ఇది," అని పక్కనవాళ్ళకు చూపించాడు. ఎదురింటామె తన నీళ్ళ డ్రమ్మును చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను వేళ్ళతో తిప్పుతూ సందులో ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాను. గట్టెక్కినట్టే అనుకున్నాను.

చాచీ మాత్రం నవ్వలేదు. తెరకు దగ్గరగా వంగి చూసి అడిగింది. "నా అరుగు ఏదమ్మా?"

అప్పుడు చూసుకున్నాను. అరుగు లేదు. ఒక్క ఆమెదే కాదు, ఎవరి అరుగూ లేదు. బొమ్మలో చూసేవాళ్ళ కన్నులా పనిచేసే కెమెరా ఆటో చుట్టూ పూర్తిగా తిరగాలని పుణె ఆమె అడిగింది. ఉన్నది ఉన్నట్టు కడితే సందు ఇరుకు, కెమెరా గోడలో దూరిపోతుంది. అందుకని రెండు వైపుల ఇళ్ళనూ మౌస్‌తో పట్టి కొంచెం దూరం జరిపాను, ముందుకు వచ్చిన అరుగులు తీసేశాను. మా పనిలో అది ఎవరూ పట్టించుకోని మార్పు. చేసినట్టు కూడా నాకు గుర్తులేదు. కానీ ఆ తెర మీద వాళ్ళ సందు ఇప్పుడు రెండు ఆటోలు పక్కపక్కనే పోయేంత వెడల్పుగా, నున్నగా ఉంది.

"చూసినారా, కంప్యూటర్లో అప్పుడే పడగొట్టేసినారు," అన్నాడు వెల్డింగ్ అన్న.

ఎవరూ గొంతు పెంచలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. ఎదురింటామె లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను కెమెరా గురించి ఏదో చెప్పబోయాను. ఎంత చెబితే అంత అబద్ధంలా వినబడుతోంది. చాచీ కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడైనా చూపించినావు, మంచిదే," అంది.

అప్పుడు నాయన లేచాడు. ముప్పై ఏళ్ళు బస్సులో జనాన్ని సర్దిన మనిషి. "మేం చెప్తే నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు. రేపు పొద్దున్నే మున్సిపాలిటీ ఆఫీసుకు పోదాం. వాళ్ళనే అడుగుదాం. ఏముంటే అది తెలిసిపోతాది," అన్నాడు.

ఆ రాత్రి నాకు ఇంకో భయం పట్టుకుంది. మేం కొలిచింది బొమ్మకే గానీ, ఒకవేళ ఆఫీసు వాళ్ళకు నిజంగానే ఆ ఆలోచన ఉంటే? అడగడానికి పోయి ఆ కబురు మేమే మోసుకొచ్చినట్టు అవుతుందేమో. నాయనకు ఆ మాట చెప్పాను. "ఉంటే ఉండనీ. తెలీకుండా మంచం మీది ముసలామెను మోసుకుంటా కూర్చునేదానికంటే మేలు కదా," అన్నాడు.

పొద్దున్నే రెండు ఆటోల్లో బయలుదేరాం. చాచీ, వెల్డింగ్ అన్న, ఎదురింటి ఆడవాళ్ళు, మేమిద్దరం. చాచీ మంచి చీర కట్టుకుని, బురఖా వేసుకుని, ఇంటి పన్ను రసీదు సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆఫీసులో ప్లాన్లు చూసే సెక్షన్ ఎక్కడో కనుక్కుని వెళితే, అక్కడ అద్దాలు పెట్టుకున్న ఒక మేడమ్ కూర్చుని ఉంది. ఇంతమందిని చూసి ఫైలు పక్కన పెట్టింది.

"ఏమప్పా, అందరూ ఒకేతూరి వచ్చినారు?"

చాచీ ముందుకు వెళ్ళి సంచిలోంచి పన్ను రసీదు తీసి బల్ల మీద పెట్టింది. నాయన చెప్పాడు. ఏ సందో, ఎవరు కొలిచారో, ఎందుకు కొలిచారో, జనం ఏమనుకున్నారో, దాచకుండా చెప్పాడు. మేడమ్ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. లేచి బీరువా తీసి, చుట్టి పెట్టిన పెద్ద పటం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచింది. కొసలు చుట్టుకుపోతుంటే ఒక కొస వెల్డింగ్ అన్నను పట్టుకోమంది. వేలితో మార్కెట్టు చూపించింది, దాని వెనక్కి జరిగింది, సందు దగ్గర ఆగింది. వంగి చూసింది.

"ఈ సందులో ఏమీ లేదు," అంది.

"ఏమీ లేదంటే?" అన్నాడు వెల్డింగ్ అన్న.

"వెడల్పు చేసేది లేదు, కొట్టేసేది లేదు. యాడున్నది ఆడే ఉంటాది. ఇదిగో చూడండి, వెడల్పు చేయాల్సిన రోడ్లకు ఇట్ల రంగు గీత ఉంటాది. మీ సందుకు ఉండాదా?"

అందరూ పటం మీదికి వంగారు. గీత లేదు. చాచీ వేలు పెట్టి ఆ చోటును తడిమింది. రంగు గీత ఏమైనా చెరిగిపోయిందేమోనని చూస్తున్నట్టుగా.

"నేను బచ్చలి కట్టుకోవచ్చా మేడమ్?"

"మీ జాగాలో మీరు కట్టుకోవచ్చు. కాలువ మీదికి మాత్రం రాకండి."

"కట్టుకున్నాక ఎవరూ రారు కదా?"

"రారమ్మా."

"ఖాయం కదా?"

"ఖాయం," అని మేడమ్ అద్దాలు తీసి నాయనవైపు తిరిగింది. "టేపు పట్టుకున్నది మీరేనా పెద్దాయనా?"

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనే మేడమ్. ఖాకీ చొక్కా కూడా వేసుకోనుంటిని."

మేడమ్ నవ్వింది. ఆమె నవ్వాక వెల్డింగ్ అన్న నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. పక్క బల్లల దగ్గరివాళ్ళు తలలెత్తి చూశారు. పటం కొస వెల్డింగ్ అన్న చేతిలోంచి జారి గిర్రున చుట్టుకుపోయింది.

బయటికి వచ్చాక చాచీ ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయింది. బురఖా ముసుగు తీసేసి, దాంతోనే ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకుని పక్కన కూర్చున్నాను.

"ఆకలైతాంది బేటీ," అంది. "ఈ పది దినాల నుంచి ఏం తిన్నానో నాకే తెలీదు."

గేటు బయట బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతున్నారు. అందరం అక్కడే నిలబడి తిన్నాం. చాచీ రెండోసారి పెట్టించుకుంది. నాయన ఎదురింటి ఆడవాళ్ళతో బస్సు రోజుల కథలు మొదలుపెట్టాడు. మిరపకాయ ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వాటిని తుడుచుకోలేదు.

ఇంటికి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, జరిపిన ఇళ్ళను మళ్ళీ మొదటి చోటికి జరిపాను. అరుగులన్నీ ఒక్కొక్కటే పెట్టాను. సందు ఇరుకైపోయింది. కెమెరా ఆటో చుట్టూ తిరగదు. ఇది కంపెనీ అడిగింది కాదు. పుణె ఆమెకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు, చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె చూసి చెబుతానంది. పని పోతుందేమోనన్న బెంగతోనే రెండు మూడు రోజులు గడిచాయి. ఆ పని మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. చివరికి ఆమె ఫోన్ చేసి, ఇలాగే ఉండనివ్వమంది. తమ ఆటో చిన్నదని, ఇరుకు సందుల్లో దూరుతుందని చెప్పుకోవడమే వాళ్ళకు కావాలట. కెమెరాను ముందు వైపు సగం తిప్పితే చాలంది. ఫోన్ పెట్టేసి మేడ మెట్ల మీది నుంచే నాయనను కేకేసి చెప్పాను.

పూర్తయిన బొమ్మను చూడటానికి చాచీ ఒకరోజు మా ఇంటికే వచ్చింది. తెర మీద తన అరుగు ముందు పచ్చటి ఆటో నిలబడి ఉంది. చాలాసేపు చూసింది.

"ఆటో ఎవురిది?"

"కంపెనీది చాచీ."

"నా వాకిలికి అడ్డం పెట్టినారు కదమ్మా. కొంచెం పక్కకు జరపమని చెప్పు," అంది. నిజంగానే అడ్డంగా ఉంది. జరిపాను.

బేల్దారి మళ్ళీ పనిలోకి దిగాడు. నేను వెళ్ళినప్పుడల్లా గోడ కొంచెం పైకి లేచి కనబడేది. రేకు వేసిన తర్వాత, ఒక శుక్రవారం చాచీ నాకు కబురు పంపింది. వెళ్ళేసరికి ముసలామె తలస్నానం చేసి, ఇంటి లోపలే కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లటి పలుచటి జుట్టు భుజాల మీద ఆరబెట్టుకుంటోంది. నేను ఆమెను మంచం మీద కాకుండా చూడటం అదే మొదటిసారి. మెట్లు లేవు, మోసేవాళ్ళు లేరు. కోడలి చేయి ఒక్కటి పట్టుకుని నాలుగు అడుగులు వేసి వెళ్ళి వచ్చిందట.

నన్ను దగ్గరికి పిలిచి నా చేయి పట్టుకుంది. ఆశీర్వదిస్తుందేమో అనుకున్నాను.

"బేల్దారికి గట్టిగా చెప్పు," అంది. "బచ్చలి నేలకు వాట సరిగ్గా పెట్టలేదు. నీళ్ళు ఒక మూలకే నిలబడతాండాయి."

చాచీ లోపలి నుంచి నవ్వుతూ, "పొద్దన్నుంచి ఇదే పాట," అంది. పళ్ళెంలో సేమ్యా గిన్నెలు పెట్టుకొచ్చింది. ముసలామె నాకంటే ముందు తన గిన్నె అందుకుంది.